ఛుట్టీకి దాచిన పని

మా వాడకట్టులో సగం ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఆ ఇళ్లేవో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గేటు ఒక రెక్కే తెరుచుకుంటుంది. నల్లా కింద ఎప్పుడూ ఒక బకెట్ ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటే కింద కూర్చున్నవాళ్లు అన్నం తింటూనే మధ్యమధ్య పైకి చూస్తుంటారు. కొత్తగా వచ్చిన చుట్టం ఎవరైనా "గిది బాగు చేయించుకోరాదా?" అని అడిగితే అన్ని ఇళ్లల్లో జవాబు ఒకటే.

"ఛుట్టీకి వచ్చినంక ఆయనే చేస్తడు."

సెలవును మేం ఛుట్టీ అంటాం. అది రెండేళ్లకో మూడేళ్లకో వస్తుంది. పెళ్లిళ్లు, పలకరింపులు, వేములవాడ మొక్కు, ఆడబిడ్డల ఇళ్లకు పోవడాలు అన్నీ దానికోసం కాచుక్కూర్చుంటాయి. ఇంటి పనులు వాటన్నిటి వెనక నిలబడతాయి. వాటి వంతు వచ్చేసరికి పెట్టె సర్దుకునే రోజు వస్తుంది.

మాకు చేతగాక కాదు. పిసినారితనం అంతకన్నా కాదు. మా సిరిసిల్లలో మేస్త్రీలకు కరువు లేదు. ఫోన్ చేస్తే సాయంత్రం వస్తామంటారు, ఏ సాయంత్రమో చెప్పరు గానీ చివరికి వస్తారు. అయినా మా వాడకట్టు ఆడవాళ్లు పిలవరు. పెళ్లైన కొత్తలో ఈ చాదస్తం నాకు అర్థం కాలేదు. పక్కింటావిడ తలుపు గొళ్లేనికి తాడు కట్టుకుని రోజులు గడుపుతుంటే లోపల్లోపల నవ్వుకునేదాన్ని. మా ఆయన కూడా విమానం ఎక్కాక నవ్వు ఆగిపోయింది. ఊడిన ప్రతి బోల్టూ మనమే బిగించేసుకుంటూ పోతే, ఇల్లు ఆ మనిషి లేకుండా నడవడం నేర్చేసుకుంటుంది. మా భయం అది. ఎవరమూ పైకి అనం, అంతే.

గల్ఫ్‌కు పోకముందు మా ఆయన సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటాం. తెగిన పోగును రెప్పపాటులో అతికేసే మనిషి, గోడకు మేకు కొట్టమంటే మాత్రం వణికిపోయేవాడు. ఒకసారి ఎంతో పట్టుదలగా వంటింట్లో చెక్క బిగించాడు. దాని మీద కందిపప్పు డబ్బా పెట్టి నేను ఇటు తిరిగానో లేదో, చెక్కా డబ్బా పప్పూ అన్నీ కిందికి వచ్చాయి. మా అత్తమ్మ గింజలు ఏరుతూ, "సాంచా నడుపుకో బిడ్డా, గివి నీకెందుకు?" అంది. ఆయన ఆ పూటంతా నా ముఖం చూడలేదు.

మా పుట్టింటిదీ సాంచాల బతుకే. అందుకని మా ఇంట్లో ఏది ఊడినా ముందు నూలు పోగే గుర్తొస్తుంది. కిటికీ రెక్క, గిన్నె పిడి, చీపురు, గొళ్లెం, బట్టల తీగ, అన్నీ నేను ముడేసి నిలబెట్టినవే. బాగుచేయడం అనకండి, ఊడిపోకుండా పట్టుకోవడం అనండి. నేను వేసిన ముడి విప్పాలంటే కత్తెర కావాలి.

సాంచాల మీద వచ్చే కూలి ఇల్లు చేరేలోగా అయిపోతుంటే, ఆయన దుబాయ్ పోయాడు. మొదట ఇటుకలు మోసే పని. తర్వాత ఎవరో టైల్స్ వేసే మేస్త్రీ దగ్గర చేరి పని పట్టుకున్నాడు. ఫోన్‌లో చెబితే నేను నమ్మలేదు. మేకు కొట్టలేని మనిషి రాజభవనాల్లాంటి ఇళ్లకు నేలలు పరుస్తున్నాడంటే ఎవరు నమ్ముతారు? మొదటి ఛుట్టీకి వచ్చినప్పుడు నమ్మాను. వచ్చిన మర్నాడే ఇల్లంతా తిరిగి నా ముడులన్నీ ఒక్కొక్కటే కత్తిరించాడు. ఆ జాగాల్లో స్క్రూలు బిగించాడు. కిటికీ రెక్క చప్పుడు చేయకుండా మూసుకుంటే మా అత్తమ్మ దాన్ని పదేపదే తెరిచి మూసి చూసుకుంది.

ఆ పొద్దునే ఆయన వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని గచ్చు మీద అరచేయి పెట్టి నిమిరాడు. సిమెంటు గచ్చు అది, మా మామ కట్టించిన నాటిది. పొయ్యి దగ్గర పెచ్చులు లేచాయి. గడప పక్కన ఒకప్పుడు రోలు ఉన్న చోట గుంట పడింది. చీపురుతో ఊడిస్తే దుమ్ము పోదు, ఇంకాస్త దుమ్ము లేస్తుంది.

"ఎవలెవలి వంటిండ్లల్లనో ఏసిన. నీ వంటింట్ల ఏయకపోతి," అన్నాడు.

"అయితే ఏయరాదు?" అన్నాను.

ఆ సాయంత్రమే కరీంనగర్ పోయి టైల్స్ తెచ్చాడు. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, మీగడ రంగు మీద గోధుమ చుక్కలు. ట్రాలీ ఆటోలోంచి పెట్టెలు దించి వంటింటి మూలన నిలబెట్టించాడు. "పండవెట్టొద్దు, నిలవెట్టే ఉంచాలె," అని మరీ మరీ చెప్పాడు. రేపు మొదలుపెడతాననే అన్నాడు. రేపు వాళ్ల చెల్లెలి మామ పోయారని ఫోన్ వచ్చింది. అది అయ్యాక మేనకోడలి పెళ్లి. అది అయ్యాక మొక్కు. అది అయ్యాక అత్తమ్మకు జ్వరం. ఇసుక తెప్పించిన రోజు వాన పడింది. పెట్టెలు పెట్టెల్లాగే ఉండగా, ఆయన తన పెట్టె తాళం వేసుకున్నాడు.

"మళ్ల ఛుట్టీకి వచ్చి నేనే ఏస్త. ఎవ్వల్ని పిలువకు," అన్నాడు బస్టాండులో.

"నేనెందుకు పిలుస్త?" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ పెట్టెలు మెల్లగా మా ఇంట్లో మనుషులైపోయాయి. నిలబెట్టి ఉంచితే నాకు వంటింట్లో తిరగడానికి జాగా లేదు. ఒకరోజు విసుగొచ్చి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన చెక్క వేశాను. అత్తమ్మ దాని మీద కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. గచ్చు మీద కూర్చుంటే లేవలేని మనిషికి అది సింహాసనం అయింది. తర్వాత దాని పక్కకు బియ్యం డ్రమ్ము ఎక్కింది. పండక్కి పిండివంటలు చేస్తే డబ్బాలన్నీ దాని మీదే. మా పాప అక్కడే కూర్చుని ఎక్కాలు చదివింది. ఎవరైనా వచ్చి "గివేంది?" అంటే, "వంటింటి నేల," అని చెప్పేదాన్ని. వాళ్లు నేల వైపు చూసి, నా వైపు చూసి, ఊరుకునేవారు.

వీడియో కాల్‌లో ఆయన రోజూ ఒకసారి పెట్టెలు చూపించమనేవాడు. నేను దూరం నుంచి, డ్రమ్ము మాత్రమే కనపడేలా చూపించేదాన్ని. తర్వాత గుమ్మం దగ్గరకు పోయి ఫోన్ బయటకు పెట్టమనేవాడు. బయట సాంచాల చప్పుడు వినపడుతుంది కదా, దానికోసం. అంతకుముందు, ఆ చప్పుడు తప్పిందని సంబరపడుతున్నాడేమో అనుకునేదాన్ని. అడిగితే, "గా సప్పుడు లేకుంటే నిద్ర వడతలేదే," అన్నాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. అక్కడ ఆయనకు నిద్ర లేదు, ఇక్కడ నాకు నేల లేదు. ఈ ఇంటికి కావలసింది ఒక్క మనిషే, ఆ ఒక్క మనిషీ ఎవరి వంటింట్లోనో తాపీ పట్టుకుని కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ వంటిళ్ల ఆడవాళ్ల మీద నాకు అసూయ ఉండేది. వాళ్ల ముఖాలు తెలియవు, పేర్లు తెలియవు. పొద్దున లేచి చల్లటి నున్నటి నేల మీద కాలు పెడతారు కదా, అది ఎవరు పరిచారో వాళ్లకు తెలుసా? ఆ మనిషి ఇంట్లో ఒక ఆడది గుంటలో కాలు పడకుండా ముగ్గు గిన్నె అడ్డం పెట్టుకుని తిరుగుతుందని తెలుసా? ఇలాంటివి అంట్లు తోముతూ అనుకునేదాన్ని. గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగేవి.

రెండో ఛుట్టీ రానేలేదు. కంపెనీ మారాడు, కొత్త కంపెనీ వాళ్లు ఇప్పుడు కాదన్నారు. గచ్చులో గుంట మాత్రం ఎవరి సెలవు కోసమూ ఆగలేదు. అది పెద్దదైంది. ఒక పొద్దున అత్తమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వస్తూ అందులో కాలు పెట్టింది. గ్లాసు ఒకవైపు, ఆమె ఒకవైపు. మణికట్టు విరిగింది. కరీంనగర్‌లో పట్టీ వేసిన డాక్టరు, "ముందు ఇల్లు బాగుచేయించండి," అన్నాడు, అదేదో చాలా మామూలు విషయంలాగా.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. చెప్పకముందే నాలో ఒక వాదన తయారుగా ఉంది. ఆయన వద్దంటాడని, ఇంకొన్నాళ్లు ఆగమంటాడని, అప్పుడు నేను ఏమనాలో అన్నీ వరుసగా పెట్టుకున్నాను. ఆయన ఫోన్‌లోనే వాళ్లమ్మ చేతి కట్టును చాలాసేపు చూశాడు.

"మేస్త్రీని పిలువు," అన్నాడు.

అంతే. నా వాదనంతా నా దగ్గరే ఉండిపోయింది. అరిచినా బాగుండేది. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎంత చిన్నదైందో నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

వచ్చిన మేస్త్రీ నడివయసువాడు, మాటకారి. ఒక చెవిలో ఫోన్ ఎప్పుడూ ఉంటుంది. మా వంటిల్లు చూసి, "గిదేం పని అక్కా, ఒక్క దినంల అయిపోతది," అన్నాడు. మేం ఇన్నేళ్లు ఛుట్టీ కోసం దాచిన పని ఒక్క రోజుది. అది విని నాకు సంతోషం కలగాలి కదా, ఏడుపొచ్చింది.

డ్రమ్ము దించి, చెక్క తీసి, పెట్టెలు విప్పాడు. పైవి బాగున్నాయి. కిందికి పోయేకొద్దీ ఒకటి విడిచి ఒకటి పగిలి ఉంది. అత్తమ్మ కూర్చున్న చోటైతే ముక్కలే.

"పండవెట్టిండ్రా అక్కా? నిలవెట్టాలె గదా. మీ ఇంటాయన చెప్పలేదా?"

అత్తమ్మ కట్టు చేయి ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూసింది. చెప్పాడు నాయనా, మరీ మరీ చెప్పాడు. మేమే ఆయన నేలను కుర్చీ చేసుకుని కూర్చున్నాం.

అలాంటి టైల్స్ దొరుకుతాయేమోనని మేస్త్రీ కరీంనగర్ దుకాణానికి ఫోన్ చేశాడు. ఆ రకం రావడం ఆగిపోయి చాలా రోజులైందన్నారు. ఉన్నవి గడప దగ్గరి జాగా తప్ప మిగతా అంతటికీ సరిపోతాయని లెక్క తేల్చాడు. గడప దగ్గర వేరే రంగువి వేద్దాం, డిజైన్‌లా ఉంటుందన్నాడు. ముందు ఉన్నవి వేయమన్నాను.

పని మొదలయ్యేసరికి ఆయన వీడియో కాల్ చేశాడు. ఆ రోజు శుక్రవారం, వాళ్లకు పని లేదు. నేను ఫోన్‌ను మసాలా డబ్బాకు ఆనించి పెట్టాను. మొదట ఊరికే చూస్తానన్నాడు. మొదటి వరస కూడా పూర్తి కాలేదు.

"తమ్మీ, గోడ దిక్కు జర ఎత్తైంది."

మేస్త్రీ రబ్బరు సుత్తితో కొట్టాడు.

"తమ్మీ, మాలు ఇంక పల్చగ కలుపాలె."

మేస్త్రీ కలిపిన సిమెంటులో ఇంకాస్త నీళ్లు పోశాడు.

"నీళ్ల వాలు నల్లా దిక్కుండాలె తమ్మీ, గిటు గాదు. లెవెల్ పెట్టి సూడు."

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. కోపంగా కూడా కాదు, అలసిపోయిన మనిషిలా మసాలా డబ్బా వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వన్న రా, లేకుంటే నన్నన్న చెయ్యనియ్యి."

ఫోన్‌లో ఆయన వెనక ఇనుప మంచాలు, వాటి మీద ఆరేసిన తువ్వాళ్లు కనిపిస్తున్నాయి. ఆయన ఏదో అనబోయాడు.

"చెయ్యి తమ్మీ. మంచిగ చేస్తున్నవ్," అని కాల్ కట్ చేశాడు.

మేస్త్రీ అన్నదాంట్లో తప్పేముంది? నేను ఇన్నేళ్లూ అనలేకపోయిన మాటే అతను ఒక్క ముక్కలో అనేశాడు. అయినా ఆ రోజు అతనికి చాయ్ ఇచ్చేటప్పుడు చక్కెర వేయడం మరిచిపోయాను. కావాలనే మరిచిపోయానేమో కూడా.

సాయంత్రానికి నేల అయిపోయింది. బాగా చేశాడు, కాదనను. నీళ్లు పోస్తే నల్లా వైపే పోతున్నాయి. గడప దగ్గర జాగాకు వేరే రంగు తెమ్మంటారా అని మేస్త్రీ అడుగుతుంటే, ఫోన్ చేసి ఆయన్ని అడిగాను. "గది గట్లనే ఉండనియ్యి. నేను తెస్త." మేస్త్రీ మా పాత గుంటలో సిమెంటు కొట్టి, ఎవరి కాలూ పడకుండా సమం చేసి పోయాడు.

ఆ నేల మీద నడవడం మా అత్తమ్మకు పండగ అయింది. నాకేమో కాలు అలవాటు పడలేదు. మిగతా వంటిల్లంతా చల్లగా జారుతున్నట్టు ఉంటే, గడప దగ్గర గరుకు సిమెంటు మీద అడుగు పడగానే ప్రాణం లేచి వచ్చేది. పనున్నా లేకున్నా అక్కడే నిలబడేదాన్ని. ఆ కాస్త జాగాలోనే ఆయన ఇంకా రావలసి ఉన్నాడు. తక్కినదంతా ఆయన లేకుండా అయిపోయింది.

కానీ అత్తమ్మ చేయి నాకు బుద్ధి చెప్పింది. ఇక ఏదీ దాచకూడదనుకున్నాను. ఆయన్ని కోరుకోవడానికి ఇంట్లో మనుషుల ఎముకలు విరగాలా? ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. హిందీలో ఎవరో కుర్రాడు "దోస్తో" అని మొదలుపెడితే, నేను పానా పట్టుకుని కూర్చునేదాన్ని. మొదటిసారి నల్లా విప్పితే నీళ్లు ముఖాన కొట్టి నేనూ వంటిల్లూ తలంటు పోసుకున్నట్టు అయ్యాం. రెండోసారి వాషరు సరిగ్గా కూర్చుంది. బకెట్ తీసేశాను. గేటు రెండో రెక్కకు గ్రీజు పెట్టాను. గొళ్లేలకు స్క్రూలు బిగించాను. ముడులు వేయడం మానేశాను. మా వాడకట్టు అంగన్‌వాడీలో పిల్లల కుర్చీ కాలు ఊడితే కూడా నేనే బిగించాను. ఇంత సులువా అనిపించిన ప్రతిసారీ మనసులో ఏదో కలుక్కుమనేది.

ఆ తర్వాత ఎట్టకేలకు ఛుట్టీ దొరికింది. గల్ఫ్ నుంచి మనిషి వస్తే పెట్టె తెరిచే వేళకు వాడకట్టంతా చేరుతుంది. సబ్బులు, సెంటు సీసాలు, నొప్పుల మందు, చాక్లెట్లు. ఎవరికేం వస్తుందో అందరికీ ముందే తెలుసు, అయినా రావలసిందే. ఆయన పెట్టె తాళం తీసి పైనున్న పెద్ద దుప్పటి లేపబోయాడు. దుప్పటి లేవలేదు. లోపల బరువేదో ఉంది. మడత విప్పితే తెల్లటి టైల్స్, సన్నటి బూడిద రంగు గీతలతో.

ఎవరికీ అర్థం కాలేదు. ముందు అత్తమ్మే తేరుకుంది.

"గీ బండలు మోసుకచ్చినవా బిడ్డా? మనూళ్లె బండలే లేవా?"

"గా రకం దొరుకలే అవ్వా. ఎట్లనన్న వేరేదే ఏసుడున్నది. నా చేతితోని ఏసిన ఇంట్లకెల్లి మిగిలినయి, ఇంజనీరును అడుక్కొని తెచ్చిన."

బరువు ఎక్కువైందని విమానాశ్రయంలో ఆపారట. ఏదో ఒకటి తీసేయమన్నారట. సెంటు సీసాలు, సబ్బులు, చాక్లెట్లు అన్నీ తీసి, సాగనంపడానికి వచ్చిన దోస్తు చేతిలో పెట్టాడు. బండలు ఉంచుకున్నాడు. మా పక్కింటావిడ రెండు వారాలు మా గుమ్మం తొక్కలేదు. మా పాప మాత్రం ఒక టైల్ ఎత్తి దాని వెనక అంటుకున్న దుప్పటి దూది ఊదుతూ, "గివి విమానంల వచ్చినయా?" అని అందరికీ చూపించింది.

మర్నాడు పొద్దున్నే ఆయన బకెట్ నీళ్లలో టైల్స్ నానబెట్టాడు. ఇసుక జల్లించాడు. నేను పొయ్యి మీద చాయ్ పెట్టి అటే చూస్తున్నాను. గడప దగ్గర కూర్చోబోయి ఆయన ఆగాడు. గోడ పట్టుకున్నాడు. ఒక మోకాలు వంచి, పళ్లు బిగపట్టి, రెండోది వంచలేక, కాలు చాపుకుని పక్కకు ఒరిగి కూర్చున్నాడు. మొదటి ఛుట్టీలో ఇదే వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని గచ్చు నిమిరిన మనిషి.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలే. పొద్దున జర పట్టేసినట్టుంటది. తర్వాత సాఫైతది."

సాఫ్ కాలేదు. నేను గోనెసంచి మడిచి ఇచ్చాను. దాన్ని తొడ కింద పెట్టుకుని పని చేశాడు. ఆ టైల్స్ మావాటి కన్నా మందం. అందుకని కింద సిమెంటును లోతుగా గీకాడు. ఒక్కొక్కటీ పరిచి, తాపీ పిడితో తట్టి, చెవి ఆనించి వింటాడు. ఎక్కడో డొల్ల మోగితే తీసి మళ్లీ వేస్తాడు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎవరి మీదో తెలియదు. ఆ ముఖం తెలియని ఆడవాళ్ల మీదా, ఆ మెరిసే నేలల మీదా? ఈ మోకాళ్లు మా ఇంట్లో అరగవలసినవి. అరిగితే నూనె రాసేదాన్ని, వేడినీళ్లు పెట్టేదాన్ని, తిట్టేదాన్ని. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయే దాకా అలాగే నిలబడ్డాను.

మధ్యాహ్నం కాకముందే పని అయిపోయింది. నేను చేయి ఇస్తే పట్టుకుని లేచాడు. మీగడ రంగు నేల చివర తెల్లటి జాగా, అతుకు వేసినట్టు స్పష్టంగా ఉంది. మా ఇద్దరికీ అది బాగానే కనిపించింది.

"టైల్స్ నడుమ సందులు రేపు నింపుత. మాలు ఆరాలె," అని వైట్ సిమెంట్ పొట్లం తెచ్చి వంటింటి గూట్లో పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కుని ఇల్లంతా తిరిగాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు కాసేపు తెలియలేదు. కిటికీ దగ్గర ఆగి చూశాడు. గొళ్లెం పట్టుకుని చూశాడు. గేటు రెండు రెక్కలూ తీసి వేశాడు. నా ముడుల కోసం వెతుకుతున్నాడు. ఒక్కటీ లేదు.

నల్లా తిప్పి, కట్టేసి, కింద అరచేయి పెట్టాడు. చుక్క పడలేదు.

"ఎవలు చేసిండ్రు?"

"నేనే."

"మంచిగ చేసినవ్," అన్నాడు. మేస్త్రీకి చెప్పినట్టే చెప్పాడు. "ఇంకేమన్న పని ఉన్నదా?"

ఉందని చెప్పాలని ఎంత అనిపించిందో. ఒక్క స్క్రూ అయినా వదులుగా ఉంచాల్సింది. కనీసం బట్టల తీగ. ఏం లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. సాంచాల చప్పుడు వింటూ ఇద్దరం చాలాసేపు అలాగే ఉన్నాం.

మర్నాడు సందులు నింపలేదు. ఆ మర్నాడు గుర్తు చేస్తే, "నింపుత తియ్," అన్నాడు. తర్వాత చెల్లెలి ఇంటికి పోయాం, మొక్కుకు పోయాం. మళ్లీ గుర్తు చేస్తే మళ్లీ అదే మాట. ఛుట్టీ ఎప్పటిలాగే చుట్టాలు తినేశారనుకున్నాను. పోయేనాడు పెట్టె ఖాళీగా తేలిగ్గా ఉంది. గడప దాటేటప్పుడు ఆయన చెప్పుల్లేని కాలు ఆ తెల్ల టైల్ మీద కాసేపు ఉంచాడు. తర్వాత చెప్పులేసుకున్నాడు.

అక్కడ దిగిన రోజు ఫోన్ చేశాడు. చేరానని చెప్పలేదు, తిన్నావా అని అడగలేదు.

"సందులు నింపినవా?" అన్నాడు.

"లేదు. నింపాల్నా?"

"ఒద్దు," అన్నాడు వెంటనే. మళ్లీ, "ఒద్దే. ఉండనియ్యి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి వెళ్లి గడప దగ్గర కూర్చున్నాను. ఎన్నో నేలలు పరిచిన మనిషి సందులు నింపడం మరిచిపోతాడా?

అది పెద్ద పని కాదు. గిన్నెలో కాస్త వైట్ సిమెంట్ నీళ్లతో కలిపి, వేలితో సందుల్లోకి నొక్కి, తడిగుడ్డతో తుడిస్తే అయిపోతుంది. నాకొచ్చు. ఇప్పుడు మా వాడకట్టులో ఎవరింట్లో నల్లా కారినా నన్నే పిలుస్తారు. ఖాళీగా ఉంచిన ఆ సందుల్లో పిండి పడుతుంది, ఆవాలు పడతాయి, చీమలు బారులు తీరుతాయి. రోజూ పొద్దున చీపురు పుల్లతో గీకి తీస్తాను. అత్తమ్మ తన కొత్త పీట మీద కూర్చుని చూస్తుంటుంది.

"నింపరాదు బిడ్డా, రోజు గీ పరేషాన్ ఎందుకు? నీకస్తది గదా."

"అస్తది అత్తమ్మా."

"మరి?"

"నేను నింప."

వైట్ సిమెంట్ పొట్లం గూట్లో ఉప్పు డబ్బా వెనక ఉంది. వానాకాలం చెమ్మకు గట్టిపడిపోతుందని, రెండు కవర్లు చుట్టి, మూతి బిగించి ముడేశాను. చాలా రోజుల తర్వాత వేసిన ముడి అది. కత్తెర తెచ్చి ఆయనే కోయాలి.